బాటసింగారం నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు ఫోను చేశారు. "మీ సర్వీసులో మీరు చూసిన కష్టజీవి ఒకరి గురించి రాయండి, నాలుగు పేజీలు మించకుండా చూడండి" అన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి. మంచి అధికారులను చూశాను. బల్ల మీద ఫైలు మర్నాటికి ఉండనివ్వని గుమాస్తాలను చూశాను. వారిలో ఎవరి గురించైనా రాయవచ్చు. కాని కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మా నాయినే గుర్తుకు వస్తున్నాడు. ఆయన ఏ ఆఫీసులోనూ పనిచేయలేదు. ఆయనకు ఇంక్రిమెంటు లేదు, సెలవు ఖాతా లేదు, పదవీ విరమణ తేదీ లేదు. దగ్గర దగ్గర యాభై ఏళ్ళు హైదరాబాదు పండ్ల మార్కెట్టులో కష్టం చేసి, మా నలుగురు పిల్లలను పెంచాడు. సంపాదకవర్గం వారు నన్ను మన్నించి ఈ నాలుగు పేజీలు ఆయనకు ఇవ్వాలని మనవి.

మాది బాటసింగారం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ రోడ్డున పోతూ ఉంటే, అబ్దుల్లాపూర్‌మెట్ తర్వాత వస్తుంది. 2016లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం ఏర్పడే దాకా మేము హయత్‌నగర్ మండలం వాళ్ళం. ఆ రోడ్డును చాలాకాలం 9వ నంబరు జాతీయ రహదారి అన్నారు, తర్వాత 65 అన్నారు. మా చిన్నతనంలో నంబరు ఎవరికి తెలుసు? సడక్ అంటే అదొక్కటే. ఎల్.బి. నగర్‌లో మెట్రో రైలు ఎక్కే మన మనుమలు నమ్మరు గాని, నేనెరిగిన కాలంలో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. తర్వాత చెలకలు, తాటిచెట్లు, అక్కడక్కడ ద్రాక్షపందిళ్ళు. హైదరాబాదు చుట్టూ అనాబ్‌-ఎ-షాహీ ద్రాక్షకు అప్పట్లో పెద్ద పేరు.

నాయిన పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. మా అవ్వను అడిగితే, "పట్నంల గడియారం మార్కెట్ కట్టిన ఏడు పుట్టిండు" అనేది. గడియారం మార్కెట్ అంటే మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రెండో కొడుకు పేరు మీద కట్టించిన ఆ రాతి కట్టడం 1935 నాటిది. కనుక నాయిన పుట్టింది 1935 అని మేము లెక్క వేసుకున్నాం. ఏ గడియారాన్ని బట్టి ఆయన పుట్టుక చెప్పారో, ఆ గడియారం కిందనే ఆయన వయసంతా గడిచింది.

చదువు మూడో తరగతి. నిజాం కాలం కనుక ఉర్దూలో చదివాడు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక మా పుస్తకాల్లో చూసి కూడబలుక్కున్నాడు. లెక్క మాత్రం చివరిదాకా ఉర్దూలోనే చేసేవాడు. సవ్వా, డేఢ్, ఢాయీ అంటూ వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పరుగెత్తించేవాడు.

1948లో, పోలీసు చర్య జరిగిన కొన్నాళ్ళకే, మా తాత జ్వరంతో పోయాడు. నాయినకు అప్పటికి పదమూడేళ్ళు. ఇంట్లో అవ్వ, ఇద్దరు చెల్లెళ్ళు, రెండెకరాల చెలక. చెలకలో ఆముదాలు, జొన్నలు తప్ప పండేవి కావు. ఆ చలికాలం మొదట్లో ఆయన మేనమామ సీతాఫలాల బండి కట్టి, "నడువు పోరా, బండెనక కూసో" అని మొదటిసారి పట్నం తీసుకుపోయాడు.

మా ఊరి నుంచి మొజంజాహీ మార్కెట్టు ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాత్రి బువ్వ తిని బండి కడితే, ఇరుసు కింద లాంతరు ఊగుతూ, హయత్‌నగర్ దగ్గర ఎడ్లకు నీళ్ళు పెట్టుకుని, తెల్లవారుజామున చాదర్‌ఘాట్ వంతెన ఎక్కేవారట. ఆలస్యమైతే పాట అయిపోతుంది, మిగిలిన సరుకు అడిగినవాడు లేక అగ్గువకు పోతుంది. అందుకని తోవలో నిద్ర వచ్చినా బండి ఆగకూడదు. నాయిన పని బండి వెనకాల కూర్చుని మేనమామ నిద్రపోకుండా మాట్లాడటం. ఆయన జీవితంలో మొదటి ఉద్యోగం అదే అనవచ్చు.

మొదటి నాలుగైదేళ్ళు హమాలీ. గంపలు దించడం, మోయడం, రాత్రి మార్కెట్టు అరుగు మీద పడుకోవడం. వారానికి ఒకసారి ఇంటికి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సభ తర్వాత మా వైపు నుంచి నడుచుకుంటూ పోచంపల్లి పోయాడు. అక్కడ ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇవ్వడం, భూదానం మొదలవడం అందరికీ తెలిసిన చరిత్ర. నాయిన ఆ వారం ఊళ్ళోనే ఉన్నాడట. ఆ చరిత్రలో ఆయనకు గుర్తున్నది ఒక్కటే: "బక్కగున్నడు గాని మస్తు నడుస్తుండె. నాతోని పట్నం దాక నడిచేటోడు."

ఆ తర్వాత దడువాయి అయ్యాడు. ఈ మాట మన పట్నం పిల్లలకు తెలియదు కనుక చెప్పాలి. మార్కెట్టులో సరుకు తూచేవాడు దడువాయి. రైతు గంపలు తెచ్చి అడ్తిదారు దుకాణం ముందు దించుతాడు. ఖరీదుదారులు చుట్టూ చేరి పాట పాడతారు. పాట ఖాయమైతే దడువాయి ముక్కాలికి కాంటా కట్టి సరుకు తూచి, అంకె గట్టిగా చెబుతాడు. ఆ అంకె పట్టుకునే అడ్తి గుమాస్తా తక్‌పట్టీ రాస్తాడు, దాని మీదనే రైతు చేతికి పైసలు వస్తాయి. కాబట్టి అమ్మేవాడు, కొనేవాడు, మధ్య అడ్తిదారు, ముగ్గురి నమ్మకమూ కాంటా పట్టిన చేతి మీద ఉంటుంది. అడ్తిదారు పిలిస్తేనే దడువాయికి పని దొరుకుతుంది. రైతు మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి పోయే మనిషి. ఎవరి వైపు మొగ్గితే లాభమో తెలియడానికి పెద్ద చదువు అక్కరలేదు.

నాయిన తూకం మొదలుపెడితే ఒకటి అనడు. పాతకాలం పద్ధతిలో 'లాభం' అంటాడు. లాభం, రెండు, మూడు... ఆ గొంతు నాకింకా వినబడుతుంది. మా ఇంట్లో ఇటుకలు లెక్కపెట్టినా లాభం నుంచే.

చిక్కంతా తరుగు దగ్గర వచ్చేది. గంప, దానిలో పరిచిన గడ్డి, వాటి బరువు మొత్తం తూకంలో తీసివేయాలి కదా. ఎంత తీసివేయాలన్నది ఎవరి అలవాటు వారిది. ఒక అడ్తిలో గంపకు రెండు శేర్లు కొట్టడం మామూలు. నాయిన ఒకనాడు గంప ఖాళీ అయ్యాక, గంపను, గడ్డిని రైతు కళ్ళ ముందే కాంటాలో పెట్టి తూచాడు. శేరుంపావు వచ్చింది. అంతే చెప్పాడు. రైతు సంతోషపడ్డాడు, ఖరీదుదారు గొణుక్కున్నాడు, ఆ అడ్తిదారు ఆ వారం మళ్ళీ పిలవలేదు. ఆ అలవాటు మాత్రం నాయిన మానలేదు. దానివల్ల కొన్ని దుకాణాలు ఆయనకు పూర్తిగా మూసుకుపోయాయి.

ఇది గొప్పగా చెప్పుకునే సంగతే గాని, ఇంట్లో దాని రుచి వేరే. మిగతా దడువాయిల ఇళ్ళకు సంకలో సంచి నిండి వచ్చేది. మా ఇంటికి సగం. అమ్మ ఊరుకునే మనిషి కాదు. "నీ ధరమం గంజిల కలుపుకొని తాగుదమా?" అని అడిగేది. నాయిన జవాబు చెప్పేవాడు కాదు. బిందె తీసుకుని బావికి పోయేవాడు. అమ్మ అన్నదీ న్యాయమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నాయిన చేసిందేమిటంటే, తక్కువైన రాబడిని రాత్రుళ్ళు లారీలు దించి పూడ్చడం. దడువాయి మళ్ళీ హమాలీ పనికి దిగడం మార్కెట్టులో చిన్నతనం. తోటివాళ్ళు నవ్వేవాళ్ళట. పగలు కాంటా, రాత్రి మూట. ఆయన భుజం మీద, మెడ పక్కన, చర్మం కాయ కాచి రంపపు పొట్టు అంటినట్టు గరుకుగా ఉండేది. చిన్నప్పుడు మేము ఎత్తుకోమని ఎక్కితే అది గీసుకునేది.

దడువాయిలకు అసలైన పరీక్ష నా చిన్నతనంలోనే వచ్చింది. మన ప్రాంతంలో అప్పటికే డబ్బు రెండు రకాలు, హాలీ సిక్కా, కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆ హాలీ 1959 దాకా పూర్తిగా పోలేదు. ఈలోగా 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కొత్త తూకాలు, కిలోలు. 1962 నాటికి శేరు రాళ్ళు వాడటం నేరమైంది. పాట పాడేవాడు మణుగుల్లో పాడతాడు, రాళ్ళు కిలోల్లో ఉంటాయి, రైతు శేర్లలో అడుగుతాడు. కొందరు ముసలి దడువాయిలు ఇది మాతో కాదని పని మానుకున్నారు.

నాయిన ఒక నోటుబుక్కు కొన్నాడు. ఎనభై తులాల శేరు 933 గ్రాములు. పావుశేరు 233. మణుగుకు నలభై శేర్లు, అంటే 37 కిలోల 324 గ్రాములు. ఇంటికి వచ్చిన రాత్రి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని ఒకటి నుంచి నలభై దాకా శేర్లకు కిలోలు ఉర్దూ అంకెల్లో రాసుకుని వల్లె వేసేవాడు. నేను అప్పుడే బడిలో చేరి పలక మీద ఒంట్లు దిద్దుతున్నాను. ఆయన శేరు చెబితే నేను కిలో చెప్పాలి. తప్పితే దెబ్బ లేదు, మళ్ళీ లాభం నుంచి. తర్వాత పోటీ పరీక్షలో లెక్కల పేపరు నాకు తేలికైందంటే, అది బడిలో వచ్చిన చదువు ఒక్కటే కాదు.

ఇంటి సంగతి కొంచెం చెబుతాను. అక్క, నేను, తమ్ముడు, చెల్లె. ఇరవై నాలుగు గంటలూ పండ్ల మధ్య ఉండే మనిషి ఇంటికి తెచ్చేవి దెబ్బ తగిలిన కాయలే. మామిడిపండుకు మచ్చ కోసేసి మిగిలింది సమానంగా నాలుగు భాగాలు చేసేవాడు. తరుగు తన భాగం అనేవాడు, అంటే టెంక. ఏడాదికి ఒక్కసారి, ఉగాది ముందు, మచ్చలేని బత్తాయిలు డజను కొనుక్కొచ్చేవాడు. డబ్బు పెట్టి కొన్నాడని చెప్పడానికి చీటీ కూడా అమ్మకు చూపించేవాడు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. జూన్ మొదట్లో పట్నంలో కాల్పులు, కర్ఫ్యూ. బస్సులు లేవు. నాయిన మార్కెట్టులో చిక్కుకున్నాడు. ఇక్కడ చెల్లెకు జ్వరం, నాలుగు రోజులైనా దిగలేదు. ఎవరి ద్వారా తెలిసిందో తెలియదు. ఐదో నాడు కోడికూతకు తలుపు తట్టాడు. అరలు అరలుగా సందులు పట్టుకుని మూసీ దాటి, సడక్ మీదికి వచ్చి రాత్రంతా నడిచాడు. జేబులో మందు సీసా, అది పగలకుండా తలగుడ్డలో చుట్టాడు. కాళ్ళు కడుక్కుని చెల్లె దగ్గర కూర్చుని, ఆమె మందు మింగిన తర్వాత అక్కడే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. పొద్దెక్కాక లేచి నాగలి పట్టుకుని చెలకకు పోయాడు, తొలకరి పడిందని. నాకు పదమూడేళ్ళు. ఆయనకు ఆ వయసులో తండ్రి లేడన్న సంగతి ఆ రోజు తట్టింది.

అక్క పెళ్ళికి మూడు వేలు తక్కువ పడ్డాయి. మార్కెట్టులో పని చేసేవాళ్ళు ఇలాంటప్పుడు అడ్తిదారును అడగడం మామూలే, ఆయన కాదనడు కూడా. నాయిన ఒప్పుకోలేదు. "తీసుకుంటే కాంటా వాని దిక్కు ఒరుగుతది" అన్నాడు. రెండెకరాల చెలకలో ఎకరం అమ్మేశాడు. ఆ ఎకరం రోడ్డు పక్కది. బాటసింగారంలో భూముల ధరలు తెలిసిన సభ్యులు ఇక్కడ గుండె మీద చేయి వేసుకుంటారు. మా తమ్ముడు దసరాకు కలిసినప్పుడల్లా ఆ ఎకరం సంగతి ఎత్తుతాడు. అక్క మాత్రం అప్పుడు లేచి వంటింట్లోకి పోతుంది.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పడానికే రాయడం మొదలుపెట్టాననిపిస్తోంది.

1978లో నాకు ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు నింపిన ఫారంలో 'తండ్రి వృత్తి' అనే గడి ఉంది. 'వ్యవసాయం' అని రాశాను. అబద్ధం కాదు, ఎకరం చెలక ఉంది కదా. పక్క కుర్చీలో కూర్చున్నవాడి తండ్రి ఉపాధ్యాయుడు, ఇంకొకతని తండ్రి తహశీల్ కచేరీలో పనిచేసినవాడు. దడువాయి అని రాస్తే అదేమిటని అడుగుతారు, మూటలు మోస్తాడా అని కూడా అడుగుతారు. ఆ మాట అక్కడ నుంచి సర్వీసు రిజిస్టరులోకి పోయి, నేను రిటైరయ్యే దాకా అలాగే ఉండిపోయింది.

1983 మే నెల. మా ఆఫీసు నాంపల్లి దగ్గర. మామిడిపండ్ల కాలంలో సెక్షన్ అంతా కలిసి మార్కెట్టులో గంపలు కొని పంచుకోవడం ఉండేది. ఆ ఏడు మా సూపరింటెండెంటు గారు, మరో ఇద్దరు, నేను, పొద్దున్నే వెళ్ళాం. నాయిన కూర్చునే వైపు పోకుండా వాళ్ళను వేరే వరుసలోకి తీసుకుపోదామని చూశాను. సారుకు ఒక కుప్ప నచ్చింది. దాని ముందు కాంటా కట్టి నిలబడింది నాయినే.

ఆయన నన్ను చూశాడు. నా పక్కన ఇస్త్రీ చొక్కాలను చూశాడు. తర్వాత ఇంక చూడలేదు. "ఏమయ్యా, తూకం సరిగ్గా వెయ్యి" అన్నారు సారు. "ఏస్త సార్" అన్నాడు. లాభం, రెండు, మూడు. గంప ఖాళీ చేసి, దాన్నీ గడ్డినీ తూచి, తరుగు చెప్పాడు. సారు ఆశ్చర్యపోయి నాతో, "మనిషి నిజాయితీపరుడులా ఉన్నాడే" అన్నారు. నేను "అవును సార్" అన్నాను.

గంపను నాయినే ఎత్తుకుని రిక్షా దాకా మోశాడు. సారు రూపాయి ఇచ్చారు. నాయిన తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. తీసుకోకపోతే వాళ్ళకు అనుమానం వస్తుందని తీసుకున్నాడో, బోణీ అని తీసుకున్నాడో నేను అడగలేదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. నాకు అప్పటికి కొడుకు పుట్టి ఏడాది. భోజనం అయ్యాక నాయిన బనీను జేబులోంచి ఆ రూపాయి తీసి నా చేతిలో పెట్టి, "మీ సారు ఇచ్చిండు. పిలగానికి బిస్కెట్లు కొను. మంచోడే, బేరం ఆడలే" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. నేను తేలేదు.

1986లో పండ్ల మార్కెట్టు జాంబాగ్, మొజంజాహీ ప్రాంతం నుంచి దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారానికి, అంటే కొత్తపేటకు మారింది. పట్నం నడిబొడ్డున లారీలు తిరగడానికి చోటు లేకపోయింది. కొత్త యార్డు ఇరవై రెండెకరాలు. నాయినకు అది పెద్ద పండుగ. మధ్యలో పది కిలోమీటర్లు తగ్గాయి. యాభై ఏళ్ళు దాటాక మొదటిసారి రోజూ ఇంటికి వచ్చి పడుకోగలిగాడు. పొద్దున నాలుగింటికి లేచి, సడక్ మీద నిలబడి ఏ లారీనో, తొలి బస్సునో పట్టుకునేవాడు. "మార్కెట్ నా దిక్కే జరుగుతున్నది" అని నవ్వేవాడు.

కొత్తపేటలో ఇంకొక పదకొండేళ్ళు చేశాడు. కంట్లో శుక్లాలు వచ్చి కాంటా ముల్లు మసకగా కనబడటం మొదలైంది. ఎవరూ పొమ్మనలేదు. 1997లో ఒకరోజు అరకిలో తేడాగా చదివాడు. రైతే సరిచేశాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఇగ చాలు" అన్నాడు. దండ లేదు, శాలువా లేదు. మర్నాడు పొద్దున నాలుగింటికి అలవాటుగా లేచి, ఏం చేయాలో తెలియక వాకిలి ఊడ్చాడని అమ్మ చెప్పింది.

పింఛను మాట కూడా చెప్పాలి, మనది పింఛనుదారుల పత్రిక కదా. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను పెట్టింది, నెలకు 75 రూపాయలు, అరవై ఐదు దాటిన దిక్కులేని వారికి. 2000లో ఎవరో దరఖాస్తు పెట్టమన్నారు. నాయిన కోపంగా, "నా కొడుకు సర్కార్ల నౌకరి చేస్తుండు. నేను దిక్కులేనోడినని ఏలుముద్ర పెడుదునా?" అన్నాడట. నా ఉద్యోగం పేరు ఆయన అంత గట్టిగా చెప్పుకున్నాడు.

2004లో పోయాడు. నిద్రలోనే. కర్మలు అయ్యాక రేకు పెట్టె తెరిచాం. శేర్లూ కిలోల నోటుబుక్కు ఉంది. దాని కింద నాడాతో కట్టిన ఒక కట్ట. 1966లో మార్కెట్ల చట్టం వచ్చిన తర్వాత అడ్తిదారులకూ దడువాయిలకూ లైసెన్సులు తప్పనిసరి అయ్యాయి. 1970 నుంచి 1997 దాకా ఆయన లైసెన్సులన్నీ వరుసగా ఉన్నాయి, రెండేళ్ళవి తప్ప. మొత్తం ఇరవై ఆరు. ప్రతి దానిమీదా పేరు, తండ్రి పేరు, ఊరు బాటసింగారం, వృత్తి దడువాయి. మొదటి ఫోటోలో నల్లటి మీసం. చివరి దానిలో కళ్ళద్దాలు. సర్వీసు రిజిస్టరు లేదని మొదట్లో రాశాను. అది తప్పు, ఉంది. నా రిజిస్టరు కన్నా శుభ్రంగా ఉంది. ఒక్క కొట్టివేత లేదు.

నేను 2014 జూన్ 30న రిటైరయ్యాను. రాష్ట్రం వచ్చిన నెల. దండలు వేశారు, జ్ఞాపిక ఇచ్చారు, మాట్లాడమన్నారు. అందరికీ ధన్యవాదాలు చెప్పాను. నాయిన గురించి రెండు మాటలు చెబుదామని కాగితం మీద రాసుకుని పోయాను, జేబులోంచి తీయలేదు. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు పిల్లలకు వదిలి, మేమిద్దరం బాటసింగారం వచ్చేశాం.

ఇక మార్కెట్టు. 2020లో కరోనా రోజుల్లో దాన్ని తాత్కాలికంగా కొహెడకు మార్చారు. ఆ మే నెలలో గాలిదుమారానికి షెడ్లు కూలి చాలామంది గాయపడ్డారు. మళ్ళీ కొత్తపేట. తర్వాత కొత్తపేట స్థలంలో పెద్దాసుపత్రి కట్టాలని నిర్ణయించారు, 2022 ఏప్రిల్‌లో దానికి శంకుస్థాపన జరిగింది. మార్కెట్టును ఖాళీ చేయించడం మీద వ్యాపారులు కోర్టుకు వెళ్ళడం, వాదోపవాదాలు, ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. 2021 చివర మొదలై 2022 తొలి నెలల్లో పూర్తయిన ఆ తరలింపులో మార్కెట్టు ఎక్కడికి వచ్చిందనుకున్నారు? మా బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు. నాయిన రాత్రంతా ఎడ్లబండిలో పోయిన చోటికి, ఇప్పుడు మా ఇంటి నుంచి చేతికర్ర పట్టుకుని నడిచిపోవచ్చు.

మొదటి మామిడి కాలంలో ఒక పొద్దున పోయాను. సడక్ మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ డబ్బాలు, గంపలు లేవు. ఎలక్ట్రానిక్ కాంటాల మీద ఎర్ర అంకెలు. అయినా ఆ వాసన అదే, మాగిన పండు, తడి గడ్డి, డీజిలు కలిసిన వాసన. మా చిన్నప్పుడు నాయిన చొక్కా విప్పి దండెం మీద వేస్తే వచ్చేది.

గేటు దగ్గర కాపలా కుర్రాడు ఆపాడు. "ఎటు తాతా? నువ్వు రైతువా, ఖరీదుదారువా?"

"రెండూ కాదు బిడ్డా. దడువాయి కొడుకును" అన్నాను.

వాడికి అర్థమైందో లేదో. "సరే గని జర పక్కకు నడువు, లారీ ఎనకకు వస్తుంది" అన్నాడు. పక్కకు నడిచాను.